‘పోనీ’ అన్న మాట

పెద్ద మాటలకు నిఘంటువులున్నవి, వ్యాఖ్యానాలున్నవి, సభలూ సన్మానాలూ ఉన్నవి. ధర్మము, న్యాయము, స్వాతంత్ర్యము వంటి మాటలపై మహాపండితులు గ్రంథాలు వ్రాశారు. కాని రోజుకు ఇరవైసార్లు మన పెదవులమీద ఆడే చిన్న మాటలను ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో పనిచేసే మనిషిని పేరుపెట్టి పిలవని వారివలె మనము ఆ మాటల సేవను అందుకుంటాము గాని, వాటి ముఖము చూడము. అటువంటి ఒక మాటను గురించి ఈ సంచికలో నాలుగు ముక్కలు మనవి చేయదలచినాము. ఆ మాట ‘పోనీ’.

ఇందుకు ఒక చిన్న సంఘటన కారణము. ఒకనాడు మేము తెలుగు పాఠము చెప్పుచుండగా పక్కగదిలో పెద్ద నవ్వు వినవచ్చినది. ఆంగ్లపాఠములో ఎక్కడనో ‘పోనీ’ అన్న పదము వచ్చినదట. “పోనీ అనగా ఏమి?” అని ఉపన్యాసకులు ప్రశ్నించగా, వెనుక బల్లమీద కూర్చున్న ఒక విద్యార్థి లేచి, “పోనీ అంటే వదిలెయ్యమని సార్!” అని వినయముగా బదులిచ్చినాడట. గది అంతా నవ్వినది. ఉపన్యాసకులు కూడ నవ్వి, “పోనీలే, కూర్చో” అన్నారట. ఆ మాటతో నవ్వు రెండింతలైనది.

ఆ విద్యార్థి చెప్పినది తప్పని మేము అనము. ఆంగ్లములో అది గుర్రము, తెలుగులో అది వదలివేయుట. చెవికి ఒకటే మాట, మనసుకు రెండు. ఇంటికి పోయిన తరువాత కూడ ఆ రెండు అర్థాలు మమ్ము వదలలేదు. ఎందుకనగా మా ఇంట ఆ రెండు ‘పోనీ’లూ ఒకే బండికి కట్టి ఉండేవి.

ముందు గుర్రమును గురించి చెప్పుకొందాము. ఆంగ్లేయులు పొట్టి గుర్రమును పోనీ అంటారు. గుర్రపు ఎత్తును వారు ‘చేతుల’తో కొలుస్తారు. ఒక చేయి అనగా నాలుగు అంగుళాలు. పద్నాలుగు చేతుల రెండు అంగుళాలకు, అనగా 58 అంగుళాలకు, మించనిది పోనీ, మించినది గుర్రము. లాటిను భాషలో పిల్లకు ఉన్న ఒక పేరు ఫ్రెంచిలో గుర్రపుపిల్ల అయి, స్కాట్లండు మీదుగా ఆంగ్లమునకు చేరి పోనీ అయినదని పదచరిత్రకారుల ఊహ. లండను బేరగాండ్ర వాడుకలో ఇరవై అయిదు పౌనులకు పోనీ అని పేరు. పొట్టి గాజుగ్లాసుకూ అదే పేరు. ఆడపిల్లలు జుట్టు వెనుకకు లాగి కట్టుకొనే ‘పోనీటెయిలు’ మన పల్లెలకు కూడ ఎప్పుడో వచ్చినది.

మన విద్యార్థులకు పనికివచ్చే అర్థము మరొకటి ఉన్నది. అమెరికా కళాశాలల్లో లాటిను, గ్రీకు పాఠాలను సొంతముగా అర్థము చేసుకోలేని విద్యార్థులు దొంగచాటుగా తెచ్చుకొనే అనువాద పుస్తకమును కూడ పోనీ అనేవారు. నడవలేనివాడు ఎక్కి స్వారీ చేసే గుర్రమన్నమాట. ఆ గుర్రము మన ఊరి పుస్తకాల దుకాణములలో ‘గైడు’ అన్న పేరుతో కట్టివేయబడి ఉన్నది. మార్చి నెలలో దానిమీద ఎందరు ఎక్కుతారో విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. ఆ స్వారీ పరీక్షల వాకిలి దాకానే. తరువాత మన కాళ్ళతోనే నడవవలెను.

మన దేశమునకు పొట్టి గుర్రము కొత్తది కాదు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పోలో ఆటకు మూలము మణిపూరు పొట్టి గుర్రాలమీద ఆడిన ఆట. మన నిఘంటువులలో చిన్న గుర్రమునకు ‘తట్టువ’ అని పేరున్నది, ఉర్దూలో ‘టట్టూ’. డబ్బిచ్చిన వాని పక్షాన నోరు పారవేసుకొనే మనిషిని ఉర్దూలో ‘కిరాయే కా టట్టూ’ అంటారు. పాపము, ఆ మాట విన్నప్పుడెల్ల మాకు మనుషులమీద కంటె టట్టూమీదనే జాలి కలుగుతుంది. కిరాయికి తిరిగినా అది తన చెమటకే కూడు తిన్నది.

ఆ చెమటను మేము ఎరుగుదుము. మా తాతగారు గుంటూరులో జట్కా తోలినవారు. జట్కా అన్న మాట ‘ఝట్కా’ నుండి వచ్చినది, అనగా కుదుపు. బండి ఎక్కినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో వేరే చెప్పవలసిన పని లేకుండెను. యూలు, బర్నెలు అను ఇద్దరు కూర్చగా 1886లో అచ్చయిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను పదకోశములో కూడ ఈ మాట ఎక్కినది. మద్రాసులోను, ఆ రాజధానికి చెందిన చిన్న పట్టణాలలోను తిరిగే బాడుగబండి అని వారు దానిని వర్ణించారు. అంటే మా తాతగారి బండి చరిత్రకు ఎక్కిన బండియే.

ఆ బండిని లాగినది పొట్టి గుర్రమే. రైలు స్టేషను ముందర బండ్లు వరుసగా నిలిచి ఉండేవి. ఉలవల గుగ్గిళ్ళ సంచి గుర్రపు మెడకు వేలాడుచుండేది. బాడుగ కుదిరి, సామాను ఎక్కి, ఆడవారు లోపల సర్దుకొని కూర్చున్న తరువాత ముందు కూర్చున్న పెద్దమనిషి ఒకే మాట అనేవాడట: “పోనీ సాయిబూ!” చెర్నాకోల కర్రను చక్రపు ఆకులకు ఆనించి టకటకలాడించుచు తాతగారు బండిని పోనిచ్చేవారు. దిగిన తరువాత ఒప్పుకొన్న బాడుగలో అణా తగ్గించి చేతిలో పెట్టి, అదే పెద్దమనిషి మరల అదే మాట అనేవాడట: “పోనీ సాయిబూ!”

తాతగారు నవ్వుచు చెప్పేవారు: “ఎక్కేటప్పుడు పోనీ అంటే బండి కదలాల; దిగేటప్పుడు పోనీ అంటే నా నోరు ఆగాల. రెండు పోనీల మధ్య నా గుర్రం ముసలిదయిపోయింది.”

వ్యాకరణము చదువుకొన్న తరువాత మాకు ఆ వాక్యములోని లోతు తెలిసినది.

‘పోనీ’ అన్నది ఒక క్రియ. పోవు అన్న ధాతువుకు ఇచ్చు చేరి పోనిచ్చు అయినది. పోవుటకు సెలవు ఇచ్చుట అని దాని అర్థము. కావ్యభాషలో ‘పోనిమ్ము’ అంటారు. వ్యవహారములో అది పోనియ్యి, పోనీ అని అరిగినది. చేయనిచ్చు, రానిచ్చు, ఉండనిచ్చు అన్నవి దాని తోబుట్టువులు. ఇందులో గమనింపదగిన విషయము ఒకటున్నది. తెలుగువాడికి అనుమతి అనేది ఒక దానము. పోవువానికి దారి ‘ఇచ్చు’చున్నాము. ఇచ్చుటకు ముందు అది మన చేతిలో ఉండవలెను. చేతిలో లేనిదానిని ఇచ్చుట పొసగదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. వ్యాసము చివర దీనితో పని పడుతుంది.

ఇక వాడుకలకు వద్దాము. ఒక్కరోజు చెవి ఒగ్గి వింటే చాలును.

ఆటో ఎక్కినవాడు “పోనీ అన్నా” అంటాడు. అది కదలుమని ఆజ్ఞ. పాలగిన్నె తన్నిన పసిబిడ్డను చూచి తల్లి “పోనీలే” అంటుంది. అది క్షమ. పర్సు పోగొట్టుకొన్న కొడుకుతో తండ్రి “పోతే పోనీ, నువ్వు క్షేమంగా వచ్చావు” అంటాడు. అది ఓదార్పు. “అన్నం వద్దా? పోనీ, రెండు ముద్దలు మజ్జిగతో తిను” అని నాయనమ్మ బతిమాలుతుంది. అక్కడ ‘కనీసము’ అని అర్థము. “ఇవాళ కుదరదా? పోనీ, రేపు రమ్మంటారా?” అని గుమాస్తాను అడిగే రైతు నోట అది మరొక మార్గము వెదకుట. “రాకపోతే పోనీ, నేనేమన్నా బతిమాలానా!” అన్న స్నేహితురాలి మాటలో అది అలుక. “ఉద్యోగము రాలేదు, పోనీ చదువైనా సాగిందా?” అన్నప్పుడు అది ఎత్తిపొడుపు. “పోనీ, అట్లాగే కానీ” అన్నప్పుడు మనసొప్పని సమ్మతి.

వాదములో దీని పని వేరు. “పోనీ, మీరన్నదే నిజమనుకొందాము, అప్పుడు మాత్రము ఏమవుతుంది?” అని మనము అంటాము. సంస్కృత తార్కికులు దీనినే ‘తుష్యతు దుర్జన’ న్యాయమన్నారు. ఎదుటివాని మాటను క్షణకాలము ఒప్పుకొని, దానిమీదనే నిలబడి, దానిని పడగొట్టుట. ఇంతటి తర్కశాస్త్ర రహస్యమును బావిదగ్గర బిందెలు పట్టుకొన్న ఇద్దరు అమ్మలు రెండక్షరాలలో నడిపించుకొంటారు.

ఇన్ని అర్థాలు ఎక్కడనుండి వచ్చినవి? అన్నిటికీ మూలము ఒకటే: పట్టు సడలించుట. బండి పగ్గము సడలిస్తే ప్రయాణము. కోపము సడలిస్తే క్షమ. దుఃఖము సడలిస్తే ఓదార్పు. పంతము సడలిస్తే రాజీ. వాదపు పట్టు సడలిస్తే కొత్త దారి. హక్కు సడలిస్తే? దానికి తరువాత వత్తాము.

ఇరుగుపొరుగు భాషలను చూస్తే మరింత ఆనందము కలుగుతుంది. కన్నడిగులు ‘హోగలి’ అంటారు; తమిళులు ‘పోగట్టుం’ అంటారు. ద్రావిడ భాషలకు ఇది చుట్టరికమని సరిపెట్టుకొనవచ్చును. కాని మహారాష్ట్రులు ‘జాఊ దే’ అంటారు. మన ఇండ్లలో మనము ‘జానే దో’ అంటాము. ‘దే’, ‘దో’ అన్నవి ఇచ్చుటయే! పోన్-ఈ, జానే-దో, తెలుగులో ఏ పుల్లలతో గూడు కట్టినారో ఉర్దూలో అవే పుల్లలతో కట్టినారు. రెండు కుటుంబాల భాషలు, శతాబ్దాల తరబడి ఒకే వీధిలో కాపురముండి, ఒకరి వంట ఒకరు రుచి చూచిన దేశమిది. ఉర్దూలో మరొక మాట కూడ ఉన్నది: ‘ఖైర్’. అరబీలో ఆ మాటకు మేలు, శుభము అని అర్థము. మన పెద్దలు మాట మార్చునప్పుడు, వాదము చాలించునప్పుడు ‘ఖైర్…’ అంటారు. అచ్చముగా మన ‘పోనీ’యే. పోయినదానికి కూడ మేలు కోరి పంపుట అందులోని సొగసు.

ఇంటిలో ‘జానే దో’ అని, అంగడిలో ‘పోనీ’ అని, ఒకే మనసును రెండు భాషలలో సడలించగల భాగ్యము మన కళాశాల విద్యార్థులకు ఉన్నది. ఈ భాగ్యమును వారు భారమనుకొనుట మాకు బాధ. ఆ సంగతి కూడ తరువాత.

ఇప్పటివరకు మాటను పొగడినాము. ఇకమీద దానిని నిలదీయవలసి ఉన్నది. మా అభిప్రాయమును సూటిగా చెప్పెదము: మనము పోనీ అనవలసిన చోట అనుట లేదు, అనరాని చోట అనుచున్నాము.

మొదట, అనవలసిన చోటు. 1987-88 పంటకాలములో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలమీద తెల్లదోమ విరుచుకుపడినది. ఏ మందులను నమ్ముకొని రైతు మరల మరల పిచికారీ చేసినాడో ఆ మందులకు దోమ లొంగలేదు. పైగా దానిని తినే మిత్రపురుగులు చచ్చినవి. నల్లరేగడిలో కౌలుకు తీసుకొన్న భూమి, అప్పు తెచ్చిన పెట్టుబడి, మందుల దుకాణములో పద్దు, అన్నీ ఒక్క పంటమీద నిలిచినవి. ఆ పంట నిలువలేదు. చేనికి తెచ్చిన పురుగుమందునే త్రాగి పదులకొద్దీ రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ కారణాలు పెద్దవి. అప్పు, ధర, మందు, బీమా లేమి, ఇవన్నీ ఒక మాటతో తీరేవి కావు. అయినను మేము ఒకటి తలపోస్తాము. ఆ రాత్రి ఆ మనిషి పక్కన ఎవరైనా కూర్చొని, “పైరు పోతే పోనీ, పొలం పోతే పోనీ, నువ్వుండాల” అని ఉంటే? అప్పులవాడు వాకిట నిలబడి “పోనీ, వచ్చే కారుకు ఇయ్యి” అని ఉంటే? పోనీ అన్న మాటకు ప్రాణము నిలిపే బలమున్న ఘడియలు కొన్ని ఉంటవి. ఆ ఘడియలలో మనము మౌనముగా ఉంటున్నాము.

ఈ మాట రైతులకే పరిమితము కాదు. 2019 ఏప్రిలులో తెలంగాణలో ఇంటర్మీడియటు ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. మూల్యాంకనములో తప్పులు దొర్లినవని పెద్ద అలజడి చెలరేగినది. మార్కుల కాగితము తప్పు కావచ్చును, దిద్దవచ్చును, మరల వ్రాయవచ్చును. పిల్లవాడిని మరల వ్రాయలేము. తల్లిదండ్రులారా, మార్కులు తక్కువగా వచ్చిననాడు మీ ఇంట మొదట వినబడవలసిన మాట “ఎందుకిట్లా అయింది?” అన్నది కాదు, “పోనీలే నాన్నా, అన్నం తిందువు గాని రా” అన్నది. కారణాలు మరునాడు వెదుకవచ్చును. విద్యార్థులారా, ఇంట ఎవరూ ఆ మాట అనకపోతే, మా గది తలుపు తట్టుడు. ఆ మాట చెప్పుటకు మేమున్నాము.

ఇక అనరాని చోటు. మిరప యార్డుకు పోయి చూడుడు. టిక్కీలు దించి, నిద్రలేని కండ్లతో రైతు కూర్చొని ఉంటాడు. కాయ పట్టి చూచినవాడు తేమ ఎక్కువన్నాడు, తాలు ఉన్నదన్నాడు, ధర తగ్గించినాడు. తిరిగి ఇంటికి తోలుకుపోవుటకు బాడుగ లేదు, శీతల గిడ్డంగిలో పెట్టుటకు ఓపిక లేదు. “పోనీ, ఏదో ఒకటి ఇప్పించండి” అంటాడు. ఇది తల్లి బిడ్డతో అన్న పోనీ కాదు. తాతగారి చేతిలో అణా తగ్గించి పెట్టిన పోనీ. తేడా ఎక్కడున్నది? వ్యాకరణములోనే ఉన్నది. చేతిలో ఉన్నదానిని ఇచ్చినవాడు దాత. చేతినుండి లాగుకొనబడినదానికి ‘ఇచ్చినాను’ అని పేరు పెట్టుకొన్నవాడు నిస్సహాయుడు. ఒకటే మాట, ఒకటి ఔదార్యము, ఒకటి ఓటమి. ఓటమికి ఔదార్యపు చొక్కా తొడిగి తిప్పుట మనకు అలవాటైనది.

ఈ తేడాను మన ప్రాంతపు ప్రజలే ఒకప్పుడు లోకమునకు చూపినారు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘముగా మార్చి ప్రభుత్వము పన్నులు పెంచినది. ‘పోనీ, కట్టేద్దాము’ అని వారు అనలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలమంది ఇండ్లు వాకిండ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరుపెట్టి నెలల తరబడి ఎండవానలకు ఓర్చినారు. ఇల్లు పోతే పోనీ అన్నారు. మాట పోనీయము అన్నారు. చివరకు నాయకుడు చెరసాలకు పోగా, కష్టాలు మీదపడగా వారు తిరిగి రావలసివచ్చినది. అయినను దేనిని పోనీయవచ్చునో, దేనిని పోనీయరాదో వారికి తెలిసినట్లు మనకు తెలియదు. మనము ఇల్లు పట్టుకొని మాటను పోనిచ్చుచున్నాము.

మన కళాశాల గోడల లోపలికి వద్దాము. ఏటా ద్వితీయ సంవత్సరములో కొన్ని బల్లలు ఖాళీ అవుతవి. అవి ఎక్కువగా ఆడపిల్లల బల్లలు. మూడేండ్ల క్రిందట ఒక బాలిక సంక్రాంతి సెలవుల తరువాత రాలేదు. విచారింపగా తల్లితోబాటు మిరపకాయల తొడిమలు తీసే పనికి పోవుచున్నదని తెలిసినది. మేము ఇంటికి వెళ్ళినాము. వాకిలంతా ఘాటు, తల్లి చేతులు మండుచున్నవేమో, నీళ్ళ గిన్నెలో ముంచి కూర్చున్నది. “ఏం చేద్దాం సార్, ఇంతవరకు చదివింది చాలు. పోనీయండి” అన్నది. ఆమె గొంతులో కోపము లేదు, బాధ కూడ లేదు. అదే మమ్ము భయపెట్టినది. అలవాటైపోయిన పోనీ అది.

మాకు అప్పుడు నాయనమ్మ పోనీ జ్ఞాపకమువచ్చినది. “పోనీ అమ్మా, రోజూ వద్దు. వారానికి మూడు రోజులు పంపండి. పోనీ, అదీ కుదరకపోతే పరీక్షలకైనా పంపండి. నోట్సు మేము పంపిస్తాము” అన్నాము. ఆమె కొంతసేపు మా ముఖము చూచి, “పోనీ, అట్లాగే కానివ్వండి” అన్నది. ఆ బాలిక పరీక్షలు వ్రాసినది, ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరములో ఉన్నది. ఒక పోనీని మరొక పోనీతో గెలిచినాము. ఇందులో మా గొప్ప ఏమియు లేదు, మాట గొప్ప. కాని ఆ సంవత్సరమే మరి ఇద్దరి ఇండ్లకు పోవలెననుకొని, పనుల ఒత్తిడిలో ‘పోనీ, వచ్చేవారము’ అనుకొన్నాము. ఆ వారము రాలేదు. వారి బల్లలు ఖాళీగానే ఉన్నవి. కనుక ఈ వ్యాసములో నిందింపబడినవారిలో మేము కూడ ఉన్నాము.

రెండవది భాష. ఇంటర్మీడియటులో మార్కులు సులభముగా వస్తవని తెలుగును వదలి సంస్కృతము పుచ్చుకొనే ఆచారము మన రాష్ట్రములో పాతదే. సంస్కృతముమీద ప్రేమతో చదివేవారికి మా నమస్కారము. మార్కుల కోసము చదివేవారికి సంస్కృతమూ రాదు, తెలుగూ మిగలదు. మన ఇండ్లలో నష్టము మరింత. తాత వ్రాసిన ఉత్తరమును చదువగల మనుమడు లేడు, ఉర్దూ అక్షరములు మరచినాడు. సెలవుచీటీ తెలుగులో వ్రాయుమంటే పెన్ను పట్టుకొని ఆకాశము చూస్తాడు. ‘పోనీ సార్, ఇంగ్లీషు వస్తే చాలదా?’ అంటాడు. ఆ ఇంగ్లీషు వాక్యములో కూడ నాలుగు తప్పులు. ఉన్న రెండు భాషలను ‘పోనీ’ అన్నవాడికి మూడవ భాష ఏ నేలమీద నిలుస్తుంది? భాష మనది ఒక్కరిది కాదు, చేతులు మారుచు వచ్చిన సొత్తు. పరుల సొత్తును దానమిచ్చుటకు మనమెవరము?

కార్యవర్గము వారికి మా విన్నపాలు రెండే. మొదటిది: ఆరువారాలు వరుసగా రాని విద్యార్థిని పేరు హాజరుపట్టీలో కొట్టివేయుటకు ముందు, ఒక ఉపన్యాసకుడో ఉపన్యాసకురాలో ఆ ఇంటికి పోయి రావలెనని నియమము చేయుడు. పరీక్ష రుసుము కట్టలేనివారికి వాయిదా ఇయ్యుడు. ఇది పెద్ద ఖర్చు కాదు, కొంచెము నడక.

రెండవది: మన ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడ భాషాశాస్త్రమునకు ప్రపంచఖ్యాతి తెచ్చినవారు. వారి సంపాదకత్వమున 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటమును ప్రకటించినది. రైతు నోటినుండి మాటలను ఏరి గ్రంథమునకు ఎక్కించిన మహాకార్యమది. ఆ దారిలో మన విద్యార్థులు ఒక చిన్న అడుగు వేయవచ్చును. జట్కాలు గుంటూరు వీధులనుండి వెళ్ళిపోయినవి; వాటితో జీను మాటలు, లాడాల మాటలు, గుర్రపు జబ్బుల మాటలు పోవుచున్నవి. బండి తోలిన ముసలివారు కొందరు ఇంకను ఉన్నారు. మిరప యార్డు మాటలు, పత్తి జిన్నింగు మిల్లుల మాటలు, తొడిమలు తీసే అమ్మల మాటలు ఉన్నవి. ఉర్దూ, తెలుగు రెండును తెలిసిన మన పిల్లలు ఆ మాటలను రెండు లిపులలోను వ్రాసి తెస్తే, వచ్చే సంచికలో నాలుగు పుటలు వాటికి కేటాయింపుడు. ఒక్కొక్క విద్యార్థి పది మాటలు తెచ్చినా చాలును.

విద్యార్థులారా! ఈ వ్యాసమంతా మరచినా పర్వాలేదు. పోనీ, ఒక్క సంగతి గుర్తుంచుకొనుడు. కోపము వచ్చినప్పుడు, పంతము పెరిగినప్పుడు, స్నేహితుడు మాట తూలినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు ‘పోనీ’ అనుడు. అవి మీవి, వాటిని విడుచు హక్కు మీకున్నది. కాని చెల్లెలి చదువు, తల్లి కూలి, తాత భాష, పొరుగువాని న్యాయము, వీటి దగ్గర ఆ మాట నోటికి వచ్చినప్పుడు ఒక క్షణమాగి, దానికి చివర ఒక్క అక్షరము చేర్చుడు. తెలుగు వ్యాకరణము మనకు ఆ అక్షరమును కూడ ఇచ్చినది.

పోనీకు.

మా తాతగారి చివరి రోజులలో బండి అమ్ముడుపోయినది, గుర్రము అంతకు ముందే పోయినది. వాకిట మంచముమీద కూర్చొని ఆటోలు పోవుట చూచుచుండేవారు. ఒకనాడు, బడి ఎగ్గొట్టి ఇంటికి వచ్చిన మమ్ము అమ్మ కొట్టబోగా అడ్డుపడి, “జానే దో బేటీ, పోనీలే” అన్నారు. మరుక్షణమే మా చెవి పట్టుకొని, “రేపు మాత్రం పోనీను” అన్నారు.

ఆ రెండు మాటలూ ఒకే నోటనుండి వచ్చినవి. మేము చదువుకొన్నది ఆ రెండవ మాటవలన. చదువుకొని మనుషులము కాగలిగితే అది మొదటి మాటవలన.